ససూను అంటే ఎవులండి?

మనుమరాలి అన్నప్రాశనకని నిరుడు మేమిద్దరం పూనా వెళ్ళాము. బరంపురంలో కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యలో బండి మారే పని లేదు. ఒక రాత్రి, ఒక పగలు గడిస్తే పూనాలో దిగవచ్చు. బయలుదేరే ముందురోజు, ఛత్రపూర్‌లో మా వీధికి చేపలు తెచ్చే ఆర్యపల్లి ఆవిడ ఇంటికి వచ్చింది. ఆమె కొడుకు పూనాలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి, సారవ మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడట. పెద్దాసుపత్రిలో పెట్టారట. "ఓపాలి సూసి రండి బాబూ, మీరు సెబితే నాకు నమ్మకం" అంది.

మన ప్రాంతం పాఠకులకు చెప్పనక్కరలేదు గాని, దూరాన ఉన్నవారి కోసం ఒక మాట. గోపాలపురం నుంచి ఆర్యపల్లి వరకు సముద్రపొడ్డున వలలు వేసుకు బతికే నోలియాలు ఇంట్లో మాట్లాడేది తెలుగే. బడిలో చదివేది ఒడియా. పేరు అడిగితే తెలుగులో చెబుతారు, రాయమంటే ఒడియా అక్షరాలలో రాస్తారు.

ఆసుపత్రి పూనా రైలుస్టేషనుకు దగ్గరే. పేరు ససూన్ ఆసుపత్రి. కుర్రవాడికి ఇరవై ఏళ్ళుంటాయి. కాలికి కట్టు కట్టి ఉంది, ముఖంలో మాత్రం దిగులు లేదు. మా ఆవిడ పంపిన పులిహోర తింటూ, తెలుగు మాట విని ఎన్నాళ్ళయిందో, ఆపకుండా కబుర్లు చెప్పాడు. మధ్యలో అడిగాడు: "బాబూ, ఈ ససూను అంటే ఎవులండి? మా మేస్త్రీ ఏదో సాములోరి పేరంటాడు."

నాకు తెలియదు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ కచేరీలో కాగితాలు చూసినవాణ్ణి, ఆ పేరు ఎక్కడో చదివాననిపించింది తప్ప ఇంకేమీ తోచలేదు. "కనుక్కుని చెబుతాను" అన్నాను.

లేచి వచ్చేస్తుంటే రెండో ప్రశ్న వేశాడు. "మీ ఆదివారం బడికి మా సెల్లి వస్తానంటే వద్దన్నారట గదండి?"

దీనికి జవాబు నాకు బాగా తెలుసు. తెలిసే చెప్పలేకపోయాను. మొదటి ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వెళితే అది నన్ను తిన్నగా రెండోదాని దగ్గరికే తీసుకువచ్చింది. అందుకే ఈ వ్యాసం.

బాగ్దాదు నుంచి బొంబాయి

డేవిడ్ ససూన్ 1792లో బాగ్దాదులో పుట్టాడు. యూదుడు. తండ్రి అక్కడి పాషాల దగ్గర ఖజానా వ్యవహారాలు చూసిన పెద్దమనిషి, ఆ ఊరి యూదులందరికీ పెద్ద. బాగ్దాదులో యూదులు నిన్న మొన్న చేరినవారు కారు. వేల ఏళ్ళ క్రితం బాబిలోను చెరతో వచ్చి అక్కడే వేళ్ళూనుకున్నారు. ఇంట్లో మాట్లాడేది అరబ్బీ, రాసేది హీబ్రూ అక్షరాలలో. ఒక భాష నోట, వేరొక లిపి చేత. మన గంజాం పిల్లల సంగతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు.

దావూద్ పాషా హయాంలో అక్కడి ధనిక యూదులకు కష్టాలు వచ్చాయి. సొమ్ము గుంజడం, చెరలో వేయడం మొదలయ్యాయి. డేవిడ్ ప్రాణాలు దక్కించుకుని ముందు పారశీక తీరంలోని బుషీరు రేవుకు చేరాడు. అక్కడి నుంచి 1832లో బొంబాయి వచ్చాడు. అప్పటికి నలభై ఏళ్ళవాడు. ఊరు కాని ఊరు, భాష కాని భాష. మన పెద్దలలో చాలామంది ఆ వయసుకు పింఛను లెక్కలు వేసుకోవడం మొదలుపెడతారు!

గల్ఫు రేవులతో ఉన్న పాత పరిచయాలే ఆయన పెట్టుబడి. ఇక్కడి నుంచి బట్టలు, అక్కడి నుంచి తివాచీలు, గుర్రాల వర్తకులకు అప్పులు, ఇలా మొదలైంది. 1842లో నాన్‌కింగ్ సంధితో చైనా రేవులు తెరుచుకోగానే 1844లో కొడుకు ఎలియాసును చైనాకు పంపాడు. ఎనిమిదిమంది కొడుకులు. ఒక్కొక్కరినీ ఒక్కొక్క రేవులో కూర్చోబెట్టి, ఉత్తరాల మీద వ్యాపారం నడిపాడు. ఆ ఉత్తరాలు కూడా హీబ్రూ అక్షరాలలో రాసిన అరబ్బీ. పోటీదారు చేతికి చిక్కినా ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

1853లో బ్రిటిషు ప్రజగా నమోదైనప్పుడు ఆయన సంతకం చేసింది హీబ్రూలోనే. ఇంగ్లీషు ఆయనకు పట్టుబడలేదు. హిందుస్తానీ మాత్రం నేర్చుకున్నాడు. కడదాకా బాగ్దాదు పెద్దల తలపాగా, పొడుగు అంగీ వదలలేదు. పిల్లలు మాత్రం దొరల దుస్తుల్లోకి మారారు, తర్వాత కొందరు ఇంగ్లండు వెళ్ళిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధం మీద రాసి పేరు తెచ్చుకున్న ఇంగ్లీషు కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఈయనకు మునిమనుమడు. తలపాగా తాతకు మూడు తరాలు తిరిగేసరికి ఇంగ్లీషు కవి! ప్రవాసం ఎంత త్వరగా మనిషిని మార్చేస్తుందో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

గుడి, బడి, కొలువు

ఆయన చేసిన దానాల జాబితా పెద్దదే. అయితే నన్ను ఆకట్టుకున్నది జాబితా కాదు, అందులోని వరస.

తన వెనుక బాగ్దాదు నుంచి, అలెప్పో నుంచి వచ్చిపడుతున్న బీద యూదులకు ముందుగా కావలసింది ప్రార్థనకు చోటు. 1860ల తొలినాళ్ళలో బైకుల్లాలో ‘మాగెన్ డేవిడ్’ ప్రార్థనామందిరం కట్టించాడు. వారు దానిని సినగాగ్ అంటారు. మందిరం ఉంటే పెళ్ళి ఉంటుంది, పండుగ ఉంటుంది, శవం లేస్తే పట్టే నాలుగు చేతులు ఉంటాయి. మన ఊళ్ళలో రామమందిరం చేసే పనే అది.

మందిరం వెంటే బడి. అందులో పిల్లలకు హీబ్రూ, అరబ్బీ నేర్పారు. వాటితో పాటు ఇంగ్లీషు, లెక్కలు కూడా. ఇది గమనించవలసిన సంగతి. తనకు రాని భాష పిల్లలకు రావాలనుకున్నాడు, తనకు వచ్చిన భాష వారికి పోకూడదనుకున్నాడు. రెండూ ఒకే బడిలో పెట్టాడు.

బడి అయ్యాక కొలువు. చదువు ముగించిన కుర్రవాళ్ళను తన కొట్లలోనే గుమాస్తాలుగా తీసుకునేవాడు. బొంబాయిలో పని నేర్చుకున్నవాడు రేపు హాంకాంగులోనో, షాంఘైలోనో, రంగంలోనో తేలేవాడు. రంగం అంటే గంజాం వారికి వేరే చెప్పాలా? గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగం వెళ్ళిన తాతలు మనలో ఎందరికో ఉన్నారు. అదే రేవుపట్నంలో ఒక వైపు మన కూలీలు బియ్యపు బస్తాలు మోస్తుంటే, మరోవైపు బాగ్దాదు యూదులు లెక్కలు రాసుకునేవారు. వారి వెనుక ఒక బడి ఉంది. మనవారి వెనుక మేస్త్రీ ఇచ్చిన అప్పు ఉంది. తేడా అంతే, కాని ఎంత తేడా!

తన వారితోనే ఆగక ఆయన చెయ్యి బయటికీ చాచాడు. 1857 నాటికి బొంబాయిలో వీధుల పాలైన పిల్లలకు చేతిపనులు నేర్పే సంస్థ ఆయన అండతో నిలదొక్కుకుంది. ఆ పేరుతోనే మాహిములో నేటికీ నడుస్తోంది. అక్కడి టంకశాలలోను, ఓడల కర్మాగారంలోను పనిచేసే పనివాళ్ళు 1847లో చదువుకోవడానికని ఒక సంఘం పెట్టుకున్నారు. దానికి సొంత భవనం కోసం ఆయన ఇచ్చింది 60,000 రూపాయలు. 1870లో పూర్తయిన ఆ భవనమే కాలాఘోడా దగ్గరి డేవిడ్ ససూన్ గ్రంథాలయం. పూనాలో 1867లో తెరిచిన ఆసుపత్రి సంగతి ముందే చెప్పాను. కులం, మతం అడగని ఆసుపత్రి. ఆర్యపల్లి కుర్రవాడి కాలు నిలబెట్టింది అదే.

ఆసుపత్రి తెరవడం ఆయన కళ్ళ చూడలేదు. 1864లో పూనాలోనే కన్నుమూశాడు. సమాధి అక్కడే, తాను మొదలుపెట్టిన ‘ఓహెల్ డేవిడ్’ మందిరం ఆవరణలో ఉంది. ఎర్ర ఇటుకలతో కట్టిన ఎత్తైన గడియార గోపురం. పూనావారు దానిని ‘లాల్ దేవళ్’ అంటారు, అంటే ఎర్ర గుడి. దేవుడెవరని అడగలేదు, రంగు చూసి పేరు పెట్టుకుని తమ గుడుల లెక్కలో వేసుకున్నారు. ముందుగా అనుమతి తీసుకుంటే గాని లోనికి పోనివ్వరు. మా అబ్బాయి ఆ ఏర్పాటు చేశాడు. సమాధి మీద నాకు చదవరాని లిపిని చూస్తూ కాసేపు నిలబడ్డాను.

"ధర్మం చెయ్యండి బాబూ"

యూదులలో దానానికి ‘సెదాకా’ అనే మాట ఉంది. దాని మూలార్థం న్యాయం. ఇచ్చేవాడు దయతలిచి ఇస్తున్నాడని కాదు, ఇవ్వవలసినది ఇస్తున్నాడని అర్థం. ఇది చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను. మన వాకిట్లో నిలబడే బిచ్చగాడు ఏమంటాడు? "దానం చెయ్యండి" అనడు. "ధర్మం చెయ్యండి బాబూ" అంటాడు. అదే మాట, అదే అర్థం. ఎడారి అవతల పుట్టిన భాషకూ మన భాషకూ ఈ ఒక్కచోట చుట్టరికం కలిసింది.

పన్నెండవ శతాబ్దంలో మైమోనిడీస్ అనే యూదు పండితుడు దానానికి ఎనిమిది మెట్లు కట్టాడు. అన్నిటికన్నా కింది మెట్టు, సణుక్కుంటూ ఇవ్వడం. (సంఘానికి చందాలు పోగుచేసిన వారందరికీ ఈ మెట్టు మీది దాతలతో పరిచయం ఉంటుంది.) పైకి వెళ్ళినకొద్దీ, అడగకముందే ఇవ్వడం, పుచ్చుకునేవాడికి తెలియకుండా ఇవ్వడం, ఒకరికొకరు తెలియకుండా ఇవ్వడం ఉంటాయి. అన్నిటికన్నా పై మెట్టు ఏమిటంటే, ఎదుటివాడు మళ్ళీ చెయ్యి చాచనక్కరలేకుండా చేయడం. అప్పు ఇచ్చో, భాగస్వామిగా చేర్చుకునో, పని చూపించో వాడి కాళ్ళ మీద వాణ్ణి నిలబెట్టడం.

ససూన్ బడినీ, కొలువునూ ఈ కొలబద్దతో చూస్తే అది పై మెట్టే. అయితే గుమాస్తాలు కావలసింది ఆయనకే కదా, తన అవసరం తాను చూసుకున్నాడు గదా అని మీరు అడగవచ్చు. నిజమే. నేనూ అనుకున్నాను. కాని ఆ బడుల వరసలో వచ్చిన ఫలితాలు ఆయన లెక్కలకు అందలేదు. ఒక్క ఉదాహరణ చెబుతాను. 1880లో బాగ్దాదుకు చెందిన ఎలీ కదూరీ అనే కుర్రవాడు ససూన్ల కంపెనీలో చిన్న ఉద్యోగిగా చేరి హాంకాంగు వెళ్ళాడు. తర్వాత సొంత వ్యాపారంలో పైకి వచ్చాడు. సంపాదించినది చాలావరకు బడుల మీద పెట్టాడు. పుట్టిన బాగ్దాదులో భార్య లారా పేరుతో ఆడపిల్లల బడి వెలిసింది. ఆయన పేరు ఉన్న బడి బొంబాయి మజగావ్‌లో కూడా ఉంది. దాని కథకు మళ్ళీ వస్తాను.

నల్లమందు నీడ

ఇంతవరకు చెప్పి ఆపేస్తే బాగుండును. కాని మన పత్రిక పిల్లలు కూడా చదువుతారు, సగం చెబితే వారు రేపు మిగతా సగం వేరేచోట చదివి మనల్ని నమ్మరు.

ససూన్ల ఐశ్వర్యంలో పెద్ద భాగం నల్లమందుది. మాళవ ప్రాంతంలో పండిన నల్లమందు బొంబాయి రేవు నుంచి చైనాకు పోయేది. ఆనాటి బ్రిటిషు చట్టం దానిని నేరమనలేదు. అనకపోగా బ్రిటిషు ప్రభుత్వానికే అదొక పెద్ద రాబడి. బొంబాయిలో పార్సీ, గుజరాతీ, ఇంగ్లీషు వర్తకులు ఎందరో అందులో చెయ్యి పెట్టినవారే. డేవిడ్ అందులోకి దిగాడు, కొడుకులు ఇంకా లోతుకు వెళ్ళారు. శతాబ్దం చివరికి ఆ వ్యాపారంలో వారిదే పైచెయ్యి అన్నంత పేరు వచ్చింది. చైనాలో ఎన్ని కొంపలు ఆరిపోయాయో లెక్కకట్టినవారు లేరు.

పాపపు సొమ్ముతో పుణ్యం కొనుక్కోవచ్చునా? ఈ ప్రశ్న మా అబ్బాయి అడిగాడు, ఎర్రగుడి గేటు దగ్గరే. నాకు తోచింది చెప్పాను. గుడి కట్టినంత మాత్రాన లెక్క సరిపోదు. ఇటు వేసిన పుణ్యం అటు పాపంలోంచి తీసివేయడానికి ఇది జమాఖర్చు పుస్తకం కాదు. రెండు పద్దులూ అలాగే నిలిచి ఉంటాయి. దాత పేరు చెప్పేటప్పుడు రెండూ చెప్పాలి. అయితే ఆసుపత్రి మంచం మీద ఉన్న కుర్రవాడిని మాత్రం, "ఈ సొమ్ము ఎలాంటిదో తెలుసా?" అని అడిగే హక్కు మనకు లేదు. వాడి కాలు వాడికి కావాలి.

అడ్డుగోడ

నల్లమందు సంగతి కంటే నన్ను ఎక్కువ గుచ్చినది ఇంకొకటి ఉంది. చిన్న విషయం. చాలామంది దానిని పట్టించుకోరు కూడా.

బాగ్దాదు యూదులు రాకముందే కొంకణ తీరంలో యూదులు ఉన్నారు. వారిని ‘బెనె ఇస్రాయేలు’ అంటారు. ఎన్ని వందల ఏళ్ళ క్రితం వచ్చారో, మరాఠీయే వారి మాతృభాష అయిపోయింది. గానుగ ఆడించి నూనె తీసేవారు, శనివారం మాత్రం గానుగ ముట్టేవారు కారు. అందుకని ఊరివారు ‘శనివార్ తేలీ’లు అనేవారు. చీర కట్టు, తిండి, పలుకు అన్నీ మరాఠీవారివే. దేవుడు మాత్రం యూదుల దేవుడు.

కొత్తగా వచ్చిన బాగ్దాదు వర్తకులు మొదట వీరి మందిరంలోనే ప్రార్థనలు చేసుకున్నారు, వీరి శ్మశానంలోనే తమ వారిని పూడ్చుకున్నారు. కాస్త కుదుటపడ్డాక "వీళ్ళు అసలు మనవాళ్ళేనా?" అన్న సందేహం పుట్టింది. 1836లో శ్మశానంలో తమకూ వారికీ మధ్య అడ్డుగోడ కట్టించమని ప్రభుత్వానికి అర్జీ పెట్టారు. ఆ అర్జీదారులకు పెద్ద డేవిడ్ ససూనే.

అంతటి దాత! పరాయి ఊళ్ళో చోటు దొరక్క తిరిగి తిరిగి వచ్చినవాడు, నాలుగేళ్ళు తిరిగేసరికి తనకు చోటిచ్చినవారికీ తనకూ మధ్య గోడ అడిగాడు. చచ్చినవారి మధ్య గోడ.

బెనె ఇస్రాయేలు తమ దారి తాము చూసుకున్నారు. వారిలో హయీం శామ్యూల్ కెహిమ్‌కర్ అనే ఆయన 1875లో తమ పిల్లల కోసం ఒక బడి పెట్టాడు. ఇంతకు ముందు చెప్పిన మజగావ్ బడి అదే. తర్వాతి కాలంలో దానికి భూరి విరాళం ఇచ్చినవాడు ఎలీ కదూరీ. బాగ్దాదు కుర్రవాడు, ససూన్ల ఉప్పు తిన్నవాడు, మరాఠీ మాట్లాడే యూదు పిల్లల బడికి సొమ్ము ఇచ్చాడు. పెద్దాయన అడిగిన గోడను చిన్నవాడు తనకు చేతనైనంత మేర పడగొట్టాడు.

ఆ తర్వాత చరిత్ర మనకు తెలిసిందే. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చింది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడింది. బెనె ఇస్రాయేలు ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు, బాగ్దాదీలు ఎక్కువమంది ఇంగ్లండుకు, ఆస్ట్రేలియాకు తరలిపోయారు. దేశం మొత్తం మీద నేడు యూదులు సుమారు 5 వేలు. మరి ఆ బడులు?

పూనా నుంచి ఒకరోజు బొంబాయి వెళ్ళి బైకుల్లాలో మాగెన్ డేవిడ్ మందిరం చూశాను. పక్కనే కామాఠిపురా. ఆ నగరంలో ఇళ్ళు, రోడ్లు వేసిన మన తెలుగు కామాఠీల పేరు మీద వెలసిన పేట అది. మందిరం ఆవరణలోనే డేవిడ్ మనుమడు సర్ జేకబ్ ససూన్ పేరిట ఉన్న బడి. నేను వెళ్ళేసరికి బడి వదిలారు. గేటులోంచి బిలబిల వచ్చిన ఆడపిల్లలలో తలకు గుడ్డ కట్టుకున్నవారే ఎక్కువ. నేడు ఆ బడిలో చదివే పిల్లలలో అత్యధికులు ముస్లిములు. యూదు పండుగలకు బడికి సెలవు, చదివేది ముస్లిం పిల్లలు, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

కలకత్తాలోనూ ఇదే కథ. మన ఛత్రపూర్‌లో రాత్రి హౌరా బండి ఎక్కితే తెల్లవారేసరికి చేరే ఊరు. తమ ఆడపిల్లలు మిషనరీ బడులలో చేరి మతం మారతారేమోనన్న భయంతో అక్కడి యూదులు 1881లో బాలికల బడి పెట్టుకున్నారు. నేడు దానిలోనూ దాదాపు అందరూ ముస్లిం ఆడపిల్లలే. అక్కడి యూదు మందిరాలను తరతరాలుగా తుడిచి, దీపం పెట్టి కాపాడుతున్నవారు కూడా ముస్లిములే. వారి కుటుంబాలు ఎక్కడి నుంచి వెళ్ళాయో తెలుసా? మన ఒడిశా నుంచి!

తమ వారి కోసం కట్టుకున్నవి తమ వారు వెళ్ళిపోయాక ఇలా నిలిచాయి. గోడ కట్టిన చోట నేడు ఎవరూ లేరు. తలుపు తెరిచిన చోట పిల్లలు ఉన్నారు.

మా ఆదివారం బడి

ఇక రెండో ప్రశ్న.

ఛత్రపూర్‌లో మేము కొన్ని కుటుంబాలవారం కలిసి ఆదివారం ఉదయం పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే ఏర్పాటు చేసుకున్నాము. ఒక సభ్యుడి ఇంటి వరండాలోనే బడి. మొదట్లో నలభైమంది పిల్లలు వచ్చేవారు. కలెక్టరు కచేరీలోను, ఇసుక కర్మాగారంలోను పనిచేసే తెలుగువారి పిల్లలు. పెద్దలు పింఛను పుచ్చుకుని విశాఖ, హైదరాబాదు వెళ్ళిపోయారు. పిల్లలు చదువులకు వెళ్ళి మళ్ళీ రాలేదు. నలభై పాతికై, పాతిక పదమూడయింది.

ఆ పదమూడు మందిని చూసి, ఆర్యపల్లి జాలరి పిల్లలు కొందరు మేమూ వస్తామన్నారు. కమిటీలో మాట వచ్చింది. "సభ్యత్వం లేనివారి పిల్లలకు మన చందా డబ్బుతో పలకలు, పుస్తకాలు కొనడం న్యాయం కాదు. ముందు మనవాళ్ళ సంగతి చూద్దాం" అని ఒకరన్నారు. మిగతావారు తలలూపారు. ఆ ఒకరు నేనే. మినిట్స్ పుస్తకంలో నా చేతిరాతలోనే ఉంది. ముప్పై ఏళ్ళు నిబంధనలు రాసిన చెయ్యి, అందంగానే రాసింది.

మనవాళ్ళు! తెలుగు తప్ప ఇంట్లో వేరే మాట ఎరుగని పిల్లలు మనవాళ్ళు కారట. సంవత్సరం చందా కట్టి, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మనవాళ్ళట. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో కలిసినప్పుడు, రాత్రికి రాత్రి మైనారిటీ అయిపోయామని మా తాతలు బాధపడేవారు. ఆ బాధ విని పెరిగినవాణ్ణి నేనే మళ్ళీ గోడకు అర్జీ పెట్టాను.

పూనా నుంచి వచ్చాక కమిటీలో ఈ సంగతి ఎత్తాను. నా తీర్మానం నేనే వెనక్కి తీసుకుంటున్నానంటే కొందరు నవ్వారు, ఒకరు కోపగించుకున్నారు. హాలు కట్టడానికి దాచిన డబ్బు కదలకూడదని వారి వాదన. అందులో న్యాయం లేకపోలేదు. చోటు లేని సంఘం ఎన్నాళ్ళు నిలుస్తుంది? ససూన్ కూడా తన వారికి మందిరం కట్టాడు. అప్పుడు మాలో అందరికంటే పెద్దాయన ఒక మాట అన్నారు. "జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఒడిశా గడ్డ మీద ఉండి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి లక్షలు ధారపోశారు. విశాఖలో సైన్సు చదివిన మనవాళ్ళు ఎందరో ఆ సొమ్ము తిన్నవారే. ఆయన మన సభ్యత్వం ఉందా అని అడిగారా?" ఎవరూ మాట్లాడలేదు.

చివరికి కుదిరిన ఒప్పందం చిన్నదే. హాలు డబ్బు జోలికి పోలేదు. ఆదివారం బడికి సభ్యత్వం షరతు తీసేశాము. పలకలు, పుస్తకాల ఖర్చు నాతో కలిపి నలుగురం పంచుకున్నాము. ఉదయం వలలు లాగే వేళ కనుక ఆర్యపల్లి పిల్లల కోసం బడిని సాయంత్రానికి మార్చాము. కొన్నాళ్ళకు వరండా చాలక వాకిట్లో కూడా చాపలు వేయవలసి వచ్చింది. హాలు కావాలన్న వారి వాదనకు బలం ఇప్పుడే వచ్చిందని ఆ కోపగించిన మిత్రుడే అన్నారు! ఆయన ఇప్పుడు శతకాలు నేర్పుతున్నారు.

కుర్రవాడు కర్ర పట్టుకుని నడిచి ఇంటికి వచ్చాడు. వాళ్ళ చెల్లి మా బడిలో ముందు వరసలో కూర్చుంటుంది. ఒడియా అక్షరాలు బాగా వచ్చు కనుక తెలుగు గుండ్రటి అక్షరాలు తొందరగా పట్టుకుంది. మొన్న పలక మీద అన్న పేరు, అమ్మ పేరు రాశాక, ఇంకేం రాయమంటారని అడిగింది.

"ససూన్ అని రాయమ్మా" అన్నాను.

"ససూను అంటే ఎవులండి?" అంది.

మొదటి నుంచి చెప్పాను. గోడ సంగతి కూడా.